సింగపూర్‌లో ప్రాణం లేదంటారా? ఒకసారి బ్లాకు కిందికి దిగి చూడండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: వారం రోజులు సింగపూర్ తిరిగారు. మెరీనా బే, సెంటోసా, పూలతోటలు అన్నీ చూశారు. "అద్దాల బీరువాలో పెట్టిన బొమ్మలా ఉంది, మనుషుల సందడే కనపడలేదు" అన్నారు. ఇప్పుడు ఉద్యోగం మీద ఆగస్టు చివర్లో కుటుంబంతో వస్తున్నారు. ఇక్కడ మామూలు రోజు ఎలా గడుస్తుంది, రోజూ కళ్లబడేవి ఏమిటి, మీ ఆవిడకీ ఆరేళ్ల బాబుకీ పొద్దుపోతుందా అని అడిగారు.

నేనిక్కడికి వచ్చి పదహారేళ్లయింది. అందులో పదకొండేళ్లు తోవా పాయో అనే పేటలోనే కాపురం. మీరు చూసినదాంట్లో అబద్ధమేమీ లేదండీ. కాకపోతే మీరు చూసింది వీధి గుమ్మం. ఇక్కడి సంసారమంతా పెరటి వైపు ఉంటుంది. పైగా ఈ ఊళ్లో ఖాళీగా కనిపించేది చాలాసార్లు ఖాళీ కాదు. అది నాకు తెలిసొచ్చిన తీరు చెప్తే మీకు నవ్వొస్తుంది.

వచ్చిన రెండో రోజు, మధ్యాహ్నం పన్నెండున్నర. ఆఫీసు పక్కనే హాకర్ సెంటర్, అంటే చిన్నచిన్న తిండికొట్లన్నీ ఒకే కప్పు కింద ఉండే చోటు. ఇసకేస్తే రాలని జనం. అంతమందిలో ఒక్క బల్ల మాత్రం ఖాళీగా ఉంది, దానిమీద చిన్న టిష్యూ ప్యాకెట్. పాపం ఎవరో మర్చిపోయారనుకుని కూర్చున్నాను. చెమట ధారగా కారుతోంది, ఆ ప్యాకెట్లోంచే ఒకటి లాగి మొహం తుడుచుకున్నాను. రెండోది లాగుతుంటే ఒకావిడ చేప ఉండల నూడుల్స్ పళ్లెం పట్టుకుని వచ్చి నిలబడింది. నా వంక చూసింది, ప్యాకెట్ వంక చూసింది. తిట్టలేదు. "నెవర్ మైండ్ లా" (ఆ "లా" ఇక్కడి ఇంగ్లీషుకి తోక) అని ఎదుటి కుర్చీలో కూర్చుని తినడం మొదలుపెట్టింది. ఆ ప్యాకెట్ ఏమిటో మధ్యాహ్నం ఆఫీసులో చెబితేగానీ నాకు తెలియలేదు. మనూళ్లో కదులుతున్న బస్సు కిటికీలోంచి సీటు మీదికి తువ్వాలు విసురుతాం చూశారూ, ఇది అదే. దీన్ని ఇక్కడ "చోప్" చెయ్యడం అంటారు. మన ఛాపాఖానాలోని "ఛాపా" ఉంది కదా, ముద్ర వెయ్యడం, ఆ మాట తిరిగి తిరిగి ఇలా తేలిందని చెప్తారు. టిష్యూ ప్యాకెట్టే ఉండాలని లేదు. గొడుగు, నీళ్ల సీసా, ఆఖరికి ఆఫీసు గుర్తింపు కార్డు కూడా పెట్టేసి వెళ్లిపోతారు. తిరిగొచ్చేసరికి అక్కడే ఉంటుంది. వరసలో ఒక్క అడుగు ముందుకు జరగనివ్వని మనుషులు కూడా టిష్యూ ప్యాకెట్ ఉన్న బల్ల జోలికి మాత్రం పోరు. ఎక్కడా రాసి లేని చట్టం అది.

ఇక మీరు ఉండబోయే చోటు సంగతి. కంపెనీ కాండో, అంటే ప్రైవేటు అపార్ట్‌మెంటు, ఇస్తే సరే, లేకపోతే మీరు దిగేది హెచ్‌డీబీ, అంటే ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ కట్టిన ఫ్లాటులోనే. ప్రభుత్వ ఇళ్లు అనగానే మన హౌసింగ్ బోర్డు కాలనీ ఊహించుకోకండి. ఈ దేశస్థుల్లో పదిమందికి దాదాపు ఎనిమిదిమంది వీటిల్లోనే ఉంటారు. డాక్టర్లు, టాక్సీ నడిపేవాళ్లు, టీచర్లు, రిటైరైన పోలీసులు అందరూ ఒకే లిఫ్టులో కనిపిస్తారు. ఆ సంస్థ 1960లో పుట్టింది. మరుసటి ఏడాది మే నెలలో బుకిత్ హో స్వీ అనే గుడిసెల బస్తీ తగలబడి దాదాపు 16,000 మంది కట్టుబట్టలతో మిగిలారు. ఏడాది తిరక్కుండానే అక్కడ ఫ్లాట్లు లేవడం మొదలైంది. ఇప్పుడు మీకు ఒకే మూసలో పోసినట్టు కనిపించే ఈ బ్లాకుల వెనక ఆ హడావుడి ఉంది. ఇళ్లన్నీ 99 ఏళ్ల లీజు మీదే కొంటారు. "కొనుక్కున్నాం" అనే అంటారు గానీ, మనం తాతల నాటి స్థలం అనుకునే అర్థంలో కాదు.

బ్లాకు గోడ మీద మనిషి కంటే ఎత్తైన అంకెలు ఉంటాయి. మాది 1 తో మొదలయ్యే మూడంకెల నంబరు. అడ్రసు చెప్పడానికి ఇక్కడెవరూ గుడి పక్కన, రావిచెట్టు ఎదురుగా అనరు. బ్లాకు నంబరు, అంతస్తు, ఇంటి నంబరు, అంతే.

కిందికి దిగితే గ్రౌండ్ ఫ్లోర్‌లో ఇళ్లుండవు. స్తంభాలు, గచ్చు, గాలి. అంతే. దీన్ని వాయిడ్ డెక్ అంటారు. పేరే "ఖాళీ". మొదటిసారి చూసినప్పుడు, ఇంత చోటు వృథాగా వదిలేశారేమిటి, మనవాళ్లయితే ఈపాటికి జెరాక్స్ షాపూ కర్రీ పాయింటూ పెట్టేసేవాళ్లు కదా అనుకున్నాను. తర్వాత్తర్వాత అర్థమైంది, ఈ ఊరికి అరుగు అదే. చదరంగం గళ్లు చెక్కిన రాతి బల్లల దగ్గర పొద్దున పది నుంచీ ముసలాళ్లు చేరతారు. ఆడేది ఇద్దరు, సలహాలిచ్చేది ఏడుగురు. బంతాట నిషిద్ధం అని బోర్డు ఉంటుంది, దానికి సరిగ్గా పది అడుగుల దూరంలో పిల్లలు బంతాడుతుంటారు. కొన్ని బ్లాకుల కింద బాలవాడి, కొన్నిచోట్ల వృద్ధుల కేంద్రం, మూలన ఒక చిల్లర కొట్టు.

ఒక శనివారం సంగతి నేను మర్చిపోలేను. మా బ్లాకు కింద చావు. నాలుగో అంతస్తు చైనీస్ తాతగారు పోయారు. వీళ్లు మూడు, ఐదు లేదా ఏడు రోజులు శవపేటికను అక్కడే ఉంచుతారు. తెల్లటి గుడారపు గుడ్డలు, గుండ్రటి బల్లలు, వచ్చినవాళ్లకి వేరుశెనక్కాయలు, చాక్లెట్లు, ఎర్ర దారం. రాత్రి ఎవరో ఒకరు మెలకువగా ఉండాలి కాబట్టి బల్లల దగ్గర పేకాట కూడా నడుస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నేను నోరెళ్లబెట్టాను. అదే రోజు పక్క బ్లాకు కింద మలయ్ పెళ్లి. బిర్యానీ డేగిశాలు, మైకులో పాటలు, తళతళలాడే కాగితపు జరీ చుట్టిన పొడుగాటి కర్రలు. మధ్యాహ్నం పెళ్లికొడుకు ఊరేగింపు వచ్చింది, ముందు కొంపాంగ్ డప్పులు వాయిస్తూ కుర్రాళ్లు. దారి మా బ్లాకు ముందు నుంచే. మా మలుపు దగ్గరికి రాగానే ముందున్న పెద్దాయన చెయ్యెత్తాడు. డప్పులు ఆగిపోయాయి. పెళ్లికొడుకు, తోడు పెళ్లివారు, కర్రలు పట్టుకున్న పిల్లలు, అందరూ గుట్టుచప్పుడు కాకుండా గుడారం దాటుకుని వెళ్లారు. చనిపోయినాయన కొడుకు లేచి నిలబడి తల వంచాడు. అవతలి మూల తిరిగాక డప్పులు మళ్లీ మొదలయ్యాయి. అంతా కలిపి రెండు నిమిషాలు పట్టిందేమో.

ఇలా పక్కపక్కనే ఉండటం దానంతటది జరిగింది కాదు. ఏ బ్లాకులో ఏ జాతివాళ్లు ఎంత శాతం మించకూడదో 1989 నుంచి లెక్క ఉంది. కోటా నిండితే ఆ జాతివాళ్లు అక్కడ వేరే జాతివాళ్ల ఇల్లు కొనలేరు. ఇది మంచిదా కాదా అని ఇక్కడివాళ్లే వాదించుకుంటారు. అమ్ముకునేటప్పుడు తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్లకి కొనేవాళ్లు దొరక్క ధర దగ్గర దెబ్బ తగులుతుందనేది న్యాయమైన ఫిర్యాదే. కానీ ఆ లెక్క లేకపోతే డప్పులు ఆపాల్సిన అవసరం ఎవరికీ వచ్చి ఉండేది కాదేమో అని నాకనిపిస్తుంది.

పరామర్శకి వెళ్లాల్సి వస్తే భయపడకండి. మామూలు రంగు బట్టలు, ఎరుపు వద్దు. వాళ్లిచ్చిన ఎర్ర దారం తీసుకుని వేలికి చుట్టుకోండి, ఇల్లు చేరేలోపు దారిలో ఎక్కడైనా వదిలేయండి. ఇంట్లోకి తేకూడదు.

అద్దెకి దిగేటప్పుడు ఒక ముచ్చట. ప్రకటనల్లో "లైట్ కుకింగ్ ఓన్లీ" అని కనిపిస్తుంది. దాని అర్థం పోపు వెయ్యొద్దని. ఇండియన్ల పేరు వినగానే ఫోన్ పెట్టేసే ఇంటి ఓనర్లు కూడా నాకు తగిలారు, దాచడమెందుకు. మా మొదటి ఇంటావిడ మాత్రం మహా ఇల్లాలు. నెలకోసారి వచ్చి వంటగది గోడ మీద వేలు రుద్ది చూసుకునేది. ఆర్నెల్ల తర్వాత మా ఆవిడ పులిహోర ఒక డబ్బాలో పెట్టిచ్చింది. ఆ తర్వాత కూడా గోడ రుద్దడం మానలేదు గానీ, ఖాళీ డబ్బా మాత్రం వెంట తెచ్చేది.

ఇక రోజు ఎలా మొదలవుతుందంటే, చీకట్లో. ఈ ఊరు భూమధ్యరేఖకి ఒక డిగ్రీ పైన ఉంది కాబట్టి ఏడాది పొడవునా సూర్యుడు ఏడింటికి అటూ ఇటూగా వస్తాడు, ఏడింటికి అటూ ఇటూగా పోతాడు. ఎండాకాలం పొద్దు, చలికాలం పొద్దు అని తేడాలేం లేవు. నిజానికి గడియారమే ఇక్కడ ముందుకి జరిపి ఉంది. 1982లో మలేషియాతో కలిసి టైము అరగంట ముందుకి తోశారు. బడేమో ఏడున్నరకి. కాబట్టి ఆరుంపావుకే పిల్లలు బరువైన సంచులతో లిఫ్టు దగ్గర నిలబడి కునికిపాట్లు పడుతుంటారు. మీ వాడికి ఇది అలవాటు కావడానికి నెల పడుతుంది, మీకు ఇంకాస్త ఎక్కువ పడుతుంది.

అలారం అక్కర్లేదు, కోయిల ఉంది. ఉగాది రోజు కోయిల కూసిందా లేదా అని మనం చెవులు రిక్కించి వింటాం. ఇక్కడ అది ఏ నెలలోనైనా, తెల్లవారుజామున ఐదింటికల్లా, మన కిటికీ పక్క చెట్టు మీదే, రాగం ఒక్కో మెట్టూ పెంచుకుంటూ ప్రాణం తీసేస్తుంది. జనం దానిమీద ఫిర్యాదులు రాస్తారు. కోయిల గోల భరించలేకపోతున్నాం అని పత్రికలో ఉత్తరం చదివిన రోజు, మన కవులంతా గుర్తొచ్చి ఆఫీసు బస్సులో ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

ఏడింటికి కాఫీ. ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే కాఫీ అడగడం రాకపోతే ఊరు మీకు సగం మూసేసినట్టే. కాఫీ షాపు అంటే ఏసీ, మెత్తటి సోఫా కాదు. బ్లాకు కింద తెరిచిన హాలు, తిరిగే ఫ్యాన్లు, ప్లాస్టిక్ కుర్చీలు. దాని పేరు కోపిటియం. గింజల్ని చక్కెర, మార్జరిన్ వేసి నల్లగా వేయిస్తారు. పొడుగాటి గుడ్డ సంచిలో పొడి వేసి మరిగే నీళ్లు పోసి, పొడుగు ముక్కున్న డబ్బాలోంచి ఇంకో డబ్బాలోకి మన టీ కొట్టువాడిలాగే ఎత్తి పోస్తారు. "కోపీ" అంటే చిక్కటి తీపి డబ్బాపాలతో. "కోపీ ఓ" అంటే పాలు లేకుండా, చక్కెరతో. "కోపీ సీ" అంటే తీపి కలపని డబ్బాపాలు, చక్కెర. "సియూ దాయ్" అని చేరిస్తే తీపి తక్కువ, "గావ్" అంటే స్ట్రాంగ్, "పెంగ్" అంటే ఐసుతో. చక్కెర అసలు వద్దంటే "కోసోంగ్". మలయ్‌లో కోసోంగ్ అంటే ఖాళీ, సున్నా. పరాటా కొట్టులో కూడా ఇదే మాట. గుడ్డు గిడ్డు ఏమీ లేకుండా ఉత్త పరాటా కావాలంటే "ప్రాతా కోసోంగ్". వెంట చేపల పులుసు పోస్తారు, శాకాహారులైతే పప్పు అడగండి.

ఒక్క గ్లాసు కోసం చైనా యాసలైన హొక్కియన్, కాంటనీస్, వాటితో మలయ్, ఇంగ్లీష్ నాలుగూ కలిసిపోతాయి. నేను మొదట్లో "కాఫీ, విత్ మిల్క్, లెస్ షుగర్ ప్లీజ్" అని వ్యాకరణబద్ధంగా అడిగేవాణ్ణి. కౌంటరు అంకుల్ వినేవాడు, వెనక్కి తిరిగి "కోపీ సియూ దాయ్!" అని కేక పెట్టేవాడు. మూడో వారం నేనే ఆ మాట అన్నాను. ఆయన ఏమీ అనలేదు, ఇరవై సెంట్ల చిల్లర తిరిగిస్తూ కనుబొమలు ఎత్తాడు. సింగపూర్ పౌరసత్వం ఇచ్చినా అంత ఆనందం కలిగి ఉండేది కాదు. ఒకటిన్నర డాలరు అటూ ఇటూగా ఉంటుంది గ్లాసు. పార్సిల్ అంటే ప్లాస్టిక్ సంచిలో పోసి తాడు కట్టి వేలికి తగిలిస్తారు, చేతిలో ఊపుకుంటూ వెళ్లిపోవచ్చు.

అన్నట్టు ఇక్కడ పెద్దవాళ్లందరూ అంకుల్, ఆంటీలే. టాక్సీ నడిపేవాడు, బల్లలు తుడిచే ఆవిడ, కూరగాయలమ్మే ఆవిడ, అందరూ. మనకిది సులభం, బాబాయ్, పిన్నీ అనడం అలవాటే కదా.

హాకర్ సెంటర్లు 110కి పైగా ఉన్నాయి. ఒకప్పుడు వీళ్లంతా రోడ్డు పక్క తోపుడు బళ్లవాళ్లు. 1968, 69లలో వీళ్లని లెక్కబెట్టి లైసెన్సులు ఇచ్చారు. ఆ తర్వాత నీళ్లు, మురుగు కాలవలు ఉన్న కప్పుల కిందికి ఒక్కొక్కరినే తరలించుకుంటూ వచ్చి 1986 నాటికి పూర్తి చేశారు. 2020లో ఈ హాకర్ సంస్కృతి యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. మీరు పర్యాటకుడిగా వచ్చినప్పుడు రెస్టారెంటులో తిని ఉంటారు, అందుకే సందడి కనపడలేదు. శాకాహారులకి ఒక చిట్కా: చైనీస్ శాకాహార కొట్లు బౌద్ధులవి, ఉల్లి వెల్లుల్లి కూడా వెయ్యరు. వాళ్ల చాంద్రమాన నెలలో ఒకటో తేదీ, పదిహేనో తేదీ అక్కడ విపరీతమైన రద్దీ, మన ఏకాదశి ఉపవాసాల్లాంటివి. ఆ రోజుల్లో త్వరగా వెళ్లండి. తిన్నాక పళ్లెం మీరే తీసుకెళ్లి అరలో పెట్టాలి. 2021 సెప్టెంబరు నుంచి ఇది చట్టం. మొదటిసారి హెచ్చరిస్తారు, రెండోసారి 300 డాలర్లు.

బల్లల మధ్య ఒక ముసలావిడ చక్రాల కుర్చీలోనో, నడుం వంగిపోయి నడుస్తూనో టిష్యూ ప్యాకెట్లు అమ్ముతుంది. మూడు ప్యాకెట్లు రెండు డాలర్లకి అలా ఇస్తారు. నేను ఎక్కువిచ్చి చిల్లర ఉంచుకోమంటే మా దగ్గర తిరిగే ఆవిడ ఒప్పుకోదు, ఇంకో రెండు ప్యాకెట్లు చేతిలో పెడుతుంది. రాత్రి కొట్లు కట్టేశాక అట్టపెట్టెలు చదును చేసి తోపుడు బండి మీద పేర్చుకుపోయే ముసలాళ్లూ కనిపిస్తారు. బొమ్మలా ఉందన్నారు కదా మీరు, ఇది ఆ బొమ్మ వెనక వైపు. పొద్దున ఏడింటికి లారీ వెనక తొట్టిలో రేకు కప్పు కింద ఇరవైమంది కూలీలు ఎదురెదురుగా కూర్చుని నిద్రపోతూ పోవడం చూస్తారు. మన తెలంగాణ, రాయలసీమ కుర్రాళ్లు కూడా ఉంటారు వాళ్లలో. సరుకు లారీలో మనుషుల్ని అలా తీసుకెళ్లడం గురించి పార్లమెంటులో ఎన్నోసార్లు చర్చ జరిగింది, ఇంకా అది చట్టబద్ధమే. సిగ్నల్ దగ్గర మన టాక్సీ పక్కనే ఆ లారీ ఆగినప్పుడు ఎటు చూడాలో తెలియదు.

కారు కొనే ఆలోచన ఉంటే మానుకోండి. ఇక్కడ కారు కంటే కారు కొనే హక్కు ఖరీదు. సీఓఈ అనే ఆ పత్రానికి నెలకి రెండుసార్లు వేలం, పదేళ్లు చెల్లుతుంది. 2023 అక్టోబరులో పెద్ద కార్ల వర్గంలో అది 1,50,001 డాలర్లకి పోయింది. కారు ధర దానికి అదనం. అందుకే మేనేజరూ గుమాస్తా ఒకే ఎంఆర్‌టీ రైల్లో వేలాడతారు. మొదటి రైలు 1987 నవంబరు 7న నడిచింది, యియో చూ కాంగ్ నుంచి మా తోవా పాయో దాకా ఐదే స్టేషన్లు. ఎస్కలేటర్ మీద ఎడమవైపు నిలబడండి, కుడివైపు పరిగెత్తేవాళ్లకి. రైల్లో మంచినీళ్లు తాగినా తప్పే, తిండి తిన్నా తాగినా 500 డాలర్ల దాకా జరిమానా. డురియన్ పండు బొమ్మకి మాత్రం అడ్డగీత ఉంటుంది గానీ కింద జరిమానా అంకె ఉండదు. ఆ వాసనే శిక్ష అనుకున్నారేమో. మలయ్ ప్రకటనలో "బెర్హాతీ హాతీ" అని వస్తుంది, జాగ్రత్త అని. మీ వాడికి అది "హ్యాపీ హ్యాపీ" అని వినపడుతుంది, ఇక్కడికి కొత్తగా వచ్చిన అందరికీ అలాగే వినపడుతుంది.

వాన సంగతి మాత్రం మన లెక్కల్లో చూడొద్దు. మబ్బు పట్టడానికీ కుండపోతకీ మధ్య ఐదు నిమిషాలు కూడా ఉండదు. కానీ స్టేషన్ నుంచి ఇంటి దాకా నడిచే దారికి చాలాచోట్ల కప్పు ఉంటుంది, గొడుగు లేకుండానే చేరొచ్చు. పాత బ్లాకుల్లో వంటింటి కిటికీ బయట గొట్టాలు ఉంటాయి, వాటిలో వెదురు గెడలు గుచ్చి బట్టలు ఆరేస్తారు. పదో అంతస్తులో తడి దుప్పటి ఉన్న గెడని బయటికి చాచి గొట్టంలో దించడం సర్కస్ విద్య. మా ఆవిడకి అది నేర్పింది ఎదురింటి మలయ్ మాక్‌చిక్. మాక్‌చిక్ అంటే వాళ్ల భాషలో పిన్నిగారన్నమాట. చినుకు పడగానే ఆవిడ మా తలుపు దబదబా బాదుతుంది, ఒక్క మాట లేదు. ఈవిడ పరిగెత్తి గెడలు లోపలికి లాగుతుంది. వాళ్లిద్దరి స్నేహం అలా మొదలైంది. ఇప్పుడు రంజాన్‌కి అటు నుంచి డబ్బాలు, దీపావళికి ఇటు నుంచి డబ్బాలు.

వాన ఆగితే దోమల గోల. చుట్టుపక్కల డెంగీ కేసులుంటే బ్లాకు దగ్గర బ్యానరు కడతారు, రంగుని బట్టి తీవ్రత. అధికారులు ఇంటికొచ్చి నిలవనీళ్లు వెతుకుతారు. వాళ్లు మొదట చూసేది పూలకుండీ కింద పళ్లెం. కాబట్టి మీ ఆవిడ తులసి కుండీ పెట్టుకుంటే కింద పళ్లెం తీసేయమనండి.

మీ ఆవిడకి పొద్దుపోతుందా అన్నారు. మొదటి రెండు నెలలు కష్టం, అబద్ధం చెప్పను. పొద్దున పది నుంచి నాలుగు దాకా కారిడార్‌లో పిట్ట కూడా ఉండదు. చాలా బ్లాకుల కింద పొద్దున్నే చైనీస్ బామ్మలు పాట పెట్టుకుని చేతులూపుతూ వ్యాయామం చేస్తుంటారు. ఎవరూ పేరు రాసుకోరు, వెనక వరసలో నిలబడి చేతులూపితే చాలు. పచ్చి సరుకుల మార్కెట్‌కి కూడా పొద్దున్నే వెళ్లాలి, పదకొండుకల్లా కడిగేస్తారు. ఆదివారం లిటిల్ ఇండియా. తెక్కా మార్కెట్లో గోంగూర, ములక్కాడలు, దొండకాయలు దొరుకుతాయి. సెరంగూన్ రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ గుడిలో ప్రసాదం చేతిలో పడ్డాక మనసు కుదుటపడుతుంది. తెలుగు సమాజం 1975 నుంచీ ఉంది, ఉగాదికి కలుస్తారు. ఆదివారం బయటికెళ్తే ఇంకో దృశ్యం: ఆర్చర్డ్ రోడ్డు లక్కీ ప్లాజా చుట్టూ ఫిలిప్పీన్స్ అమ్మాయిలు, పాయా లెబార్ వైపు ఇండోనేషియా వాళ్లు, పెనిన్సులా ప్లాజాలో బర్మా వాళ్లు. ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లకి వారానికో సెలవు 2013లో చట్టమైంది. గడ్డి మీద అట్టలు పరుచుకుని, అన్నం డబ్బాలు విప్పుకుని, ఫోన్లో పిల్లలకి ముఖం చూపిస్తూ కూర్చుంటారు. అద్దాల మాల్ లోపలికి వెళ్లేవాళ్లు వాళ్లని దాటుకుంటూ వెళ్తారు.

బాబు విషయంలో ఒకటి ముందే తెలుసుకోండి. ఇక్కడి బడుల్లో మాతృభాష తప్పనిసరి సబ్జెక్టు. కానీ అందులో తెలుగు లేదు. తమిళం, లేదంటే హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూల్లో ఒకటి. మనవాళ్లు ఎక్కువమంది హిందీ తీసుకుంటారు. తెలుగు ఇంట్లోనే నేర్పుకోవాలి. లేకపోతే రెండేళ్లలో మీ వాడు "అమ్మా, ఐ డోన్ వాన్ లా" అంటాడు. మా అమ్మాయి అంటూనే ఉంది.

సాయంత్రాలు బిషన్ పార్కుకి తీసుకెళ్లండి. అక్కడ ఒకప్పుడు సిమెంటు కాలవ ఉండేది, 2012లో దాన్ని తవ్వి వంకర్లు తిరిగే వాగుగా మార్చారు. ఇప్పుడు నీటికుక్కల కుటుంబాలు వచ్చి చేపలు పడతాయి. పది పన్నెండు ఒక్కసారిగా ఒడ్డెక్కి ఇసకలో దొర్లుతుంటే, ఆఫీసు బట్టల్లో ఉన్న మనుషులు చెప్పులు విడిచి గడ్డి మీద కూర్చుండిపోతారు. కొన్నిసార్లు కాండోల చెరువుల్లోకి చొరబడి ఖరీదైన కోయీ చేపల్ని తినేస్తాయి. దాని మీద ఊరంతా రెండు పార్టీలు.

మీరు వచ్చేది ఆగస్టు చివర్లో కాబట్టి ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను. అప్పటికి చైనీస్ వాళ్ల ఏడో నెల నడుస్తుంటుంది. మన మహాలయ పక్షం లాంటిది, పితృదేవతలు పైకొచ్చి తిరిగే నెల. సాయంత్రం నడకకి వెళ్తే బ్లాకు పక్కన ఇనప డబ్బాల్లో కాగితపు నోట్లు కాలుస్తుంటారు, బూడిద గాల్లో తేలి మీ చొక్కా మీద వాలుతుంది. గడ్డి అంచున కొవ్వొత్తులు, అగరొత్తులు, నారింజలు, అన్నం పెట్టి ఉంటాయి. తొక్కకండి, బాబుని ముట్టుకోనివ్వకండి. ఆ పక్క మైదానంలో టెంటు వేసి రంగుల దీపాలతో స్టేజీ కనిపిస్తుంది, దాన్ని గెతాయ్ అంటారు. తళుకు బట్టలు వేసుకున్న పాటగత్తెలు హొక్కియన్‌లో పాటలు, మధ్యమధ్య బూతు జోకులు. టిక్కెట్టు లేదు, ఎవరైనా వెళ్లొచ్చు, మీ ఆవిడనీ బాబునీ తీసుకెళ్లండి. వెనక నిలబడటానికి చోటుండదు, ముందు వరస ఎర్ర కుర్చీలు మాత్రం మొత్తం ఖాళీగా ఉంటాయి. వాటిమీద టిష్యూ ప్యాకెట్ కూడా ఉండదు. కూర్చోకండి. అవి చచ్చిపోయినవాళ్లకి.